బీగంచెవి ఎముక

సీనియర్ దగ్గర నేను కొన్న ఎముకలు రెండు మూటలుగా వచ్చాయి. పొడుగాటివి గోనెసంచిలో, చిన్నవి న్యూట్రిన్ చాక్లెట్ల రేకుడబ్బాలో. మా చిత్తూరులో తయారయ్యే ఆ చాక్లెట్లు చిన్నప్పుడు తిరునాళ్లలో తప్ప నాకు దక్కలేదు. డబ్బా మూత తీస్తే ఎముకల పాత వాసన కింద ఎక్కడో చాక్లెట్ వాసన కూడా తగిలేది. నిజంగా తగిలేదో, ఇప్పుడు నేను కలుపుకుంటున్నానో చెప్పలేను. వాటికి ఎంత ఇచ్చానో కూడా గుర్తులేదు. నాయన చెనక్కాయలు అమ్మిన డబ్బుల్లోంచి లెక్కపెట్టి ఇస్తూ, ‘ఎముకలు కొనేదానికి కూడా దుడ్లా?’ అన్నది మాత్రం గుర్తుంది.

అది 1982 చివర. తిరుపతి ఎస్వీ మెడికల్ కాలేజీ. 1960లో మొదలైన కాలేజీ అది, పక్కనే రుయా ఆసుపత్రి. అలిపిరి దోవలో నిలబడి తలెత్తితే కొండ. దూరప్రాంతాల నుంచి వచ్చిన పిలకాయలు కొండను చూసి దండం పెట్టుకుని డిసెక్షన్ హాల్లోకి పోయేవాళ్లు. మాది కార్వేటినగరం పక్క పల్లె. పుట్టినప్పటి నుంచి కొండల మధ్యే పెరిగినవాణ్ని కాబట్టి నేను దండం పెట్టకుండానే పోయేవాణ్ని. ఆ వయసులో అదొక గొప్ప నాకు.

చదువు చేతితో మొదలవుతుంది. కనింగ్‌హామ్ మాన్యువల్ మొదటి భాగం, ఛాతీ పైభాగం, చంక. అక్కడ మొట్టమొదట తగిలే ఎముక క్లావికిల్. మెడ కింద అటొకటి ఇటొకటి అడ్డంగా ఉంటుంది. ఒళ్లు తక్కువున్నవాళ్లకు చొక్కా గుండీ విప్పితే కనిపిస్తుంది. శరీరంలో పొడుగెముకలన్నీ నిలువుగా నిలబడితే ఇదొక్కటే అడ్డంగా పడుకుంటుంది, లోపల మిగతావాటిలా మూలుగ గొట్టం ఉండదు. ఒక వంపు ముందుకు, ఒక వంపు వెనక్కి. రేకుడబ్బాలోంచి దాన్ని బయటికి తీసి కుడిదా ఎడమదా అని తేల్చడానికి రాత్రంతా నా భుజం మీదే పెట్టి చూసుకునేవాణ్ని. గదిలో నాతో ఉన్న నెల్లూరు అబ్బాయి ‘నీకు ఇప్పటికే రెండున్నాయి గదా, మూడోది దేనికి?’ అనేవాడు.

ఇంటర్ తెలుగు మీడియంలో చదివాను. తెలుగు అకాడమీ పుస్తకంలో ఆ ఎముక పేరు జత్రుక. రత్ని, అరత్ని, అంసఫలకం, అంతర్జంఘిక, బహిర్జంఘిక. అన్నీ నోటికి వచ్చు. మా ఊళ్లో ఎవరి నోటా ఎన్నడూ వినని మాటలు. వాటిని ఎట్లా బట్టీ పట్టానో క్లావికిల్, స్కాపులా, హ్యూమరస్ కూడా అట్లాగే బట్టీ పట్టాను. ఇంగ్లీషు మీడియం వాళ్లు నన్ను చూసి జాలిపడేవాళ్లు. నిజానికి వాళ్ల పరిస్థితీ అంతే, కాకపోతే వాళ్లు ధైర్యంగా పలికేవాళ్లు. హాల్లో ఎవరికీ ఆ పేర్ల అర్థం తెలియదు. అర్థం ఉంటుందన్న అనుమానం కూడా మాకెవరికీ రాలేదు.

మా టేబుల్‌కు వచ్చే డెమాన్‌స్ట్రేటర్ సారు కడప వైపు మనిషి. మొహం ఎంత తలచుకున్నా సరిగ్గా రావడంలేదు. పొట్టిచేతుల తెల్లకోటు, జేబులో బీగంచెవుల గుత్తి, అంతే. మ్యూజియం బీగం, ఎముకల అలమరా బీగం, హాలు బీగం అన్నీ ఆయన దగ్గరే ఉండేవి. అలమరాలో ఎముకలు మాయమవుతున్నాయని ఆయనకు మా మీద ఎప్పుడూ అనుమానం. నడుస్తుంటే గుత్తి చప్పుడు ముందు వచ్చేది, తర్వాత ఆయన వచ్చేవాడు.

ఆ రోజు బయట మైకు మోగుతోంది. ఎన్నికల రోజులు. ఎన్టీ రామారావుగారు తిరుపతి నుంచి కూడా నిలబడ్డారు. ఆ ఏడాది మే నెలలో తెలుగుదేశం మహానాడుకు తిరుపతి నిండా పసుపు జెండాలు కట్టినవాళ్లు మళ్లీ కడుతున్నారు. తెలుగువాళ్ల ఆత్మగౌరవం గురించి జీపులో ఎవరో గొంతు చించుకుంటున్నారు. ఏ మాటలు చెప్పారో పోయాయి, కిటికీ అద్దం అదరడం ఒకటే మిగిలింది. లోపల మేము ఫార్మలిన్‌కు కళ్లు మండుతుంటే స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ అనే కండరం పేరు విరగ్గొట్టకుండా పలకడానికి తంటాలు పడుతున్నాం.

సారు వచ్చి నన్ను అడిగాడు. ‘ఏమప్పా, దీన్ని క్లావికిల్ అని ఎందుకంటారు?’

ఎందుకంటారంటే పుస్తకంలో అట్లా ఉంది కాబట్టి. ఆ మాట పైకి అనలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఆయన జేబులోంచి గుత్తి తీసి టేబుల్ అంచు మీద పెట్టాడు. ‘లాటిన్‌లో క్లావిస్ అంటే ఇది. బీగంచెవి. క్లావికులా అంటే చిన్న బీగంచెవి. మీ వేలు మీ ఎముక మీద పెట్టుకోండి. పెట్టుకున్నారా? ఇప్పుడు చెయ్యి పైకెత్తండి, తలదాకా.’

టేబుల్ చుట్టూ నిలబడ్డ వాళ్లమంతా ఒక చెయ్యి మెడ కింద పెట్టుకుని ఇంకో చెయ్యి పైకెత్తాం. పక్క టేబుల్ వాళ్లు నవ్వారు. చెయ్యి భుజం ఎత్తు దాటేసరికి వేలి కింద ఎముక తిరిగింది. కొంచెమే, వెనక్కి, తన చుట్టూ తాను. రెండు నెలలుగా ఆ ఎముకను పట్టుకుని ఉన్నాను, అది బతికున్న మనిషిలో తిరుగుతుందని నాకు తెలియలేదు. ‘తిరిగిందా? బీగంలో చెవి తిరగల్లా, అప్పుడే తలుపు తెరుచుకునేది. ఇది తిరక్కపోతే నీ చెయ్యి తలదాకా పోదు’ అని గుత్తి తీసుకుని, అలవాటుగా లెక్కపెట్టుకుని పోయాడు.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, సారు చెప్పినది అందమైన వివరణే గాని పేరు పుట్టుక అది కాదని. పాత వైద్యులు ఎముక తిరగడం చూసి కాక దాని ఆకారం చూసి ఆ పేరు పెట్టి ఉంటారు. లాటిన్ వాళ్లకు ఈ పేరు గ్రీకు నుంచి వచ్చింది. గ్రీకులో క్లెయిస్ అంటే బీగంచెవి. హోమర్ కావ్యాల నాటికే ఆ ఒక్క మాటకు తలుపు గడియ, బీగంచెవి, మెడ కింది ఎముక అనే అర్థాలన్నీ ఉన్నాయి. వాళ్ల గుడి బీగంచెవి మన జేబులో పట్టే వస్తువు కాదు. రెండుచోట్ల వంగిన పొడుగాటి లోహపు కడ్డీ. గుడి పూజారిణి దాన్ని భుజం మీద వేసుకుని నడిచేది, పాత గ్రీకు కుండల మీద, రాతి ఫలకాల మీద ఆ బొమ్మలున్నాయి. అట్లాంటి బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. కడ్డీ వంపు, దాన్ని మోస్తున్న ఎముక వంపు రెండూ ఒకేచోట ఉన్నాయి. స్టెర్నోక్లైడోమాస్టాయిడ్‌లో నడిమి ముక్క ‘క్లైడో’ కూడా ఈ బీగంచెవే. మేము మూడు నెలలు నోరు తిరగక అవస్థపడిన మాటలో అంత మామూలు వస్తువు దాక్కుని ఉంది.

ఒకటో శతాబ్దంలో లాటిన్‌లో వైద్యం రాసిన సెల్సస్ ఇదే ఎముకను యుగులుమ్ అన్నాడు. అది యుగుమ్ అనే మాటకు దగ్గర చుట్టం. యుగుమ్ అంటే ఎద్దుల మెడ మీద పెట్టే కాడి. మన సంస్కృతంలో యుగం అన్నా మొదటి అర్థం కాడే. మెడలో ఉబ్బే జుగులార్ సిర పేరు యుగులుమ్ నుంచి వచ్చిందే. ఆ పేరు పెట్టినవాళ్లు రైతులో, రైతుల పక్కింటివాళ్లో అయ్యుండాలి. రాను రాను ఒక్కో దేశంలో ఒక్కో అవయవానికి లెక్కలేనన్ని పేర్లు పోగుపడితే, 1895లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో శరీరశాస్త్రజ్ఞులు కూర్చుని అవయవానికి ఒక లాటిన్ పేరు చొప్పున ఖాయం చేశారు. కాడి పోయింది, బీగంచెవి నిలిచింది. నాయనకు ఈ సంగతి చెప్పి ఉంటే కాడినే ఉంచాల్సింది అనేవాడు. చెప్పేనాటికి ఆయన లేడు.

సారు చెప్పిన మాట నాకు మత్తెక్కించింది. ఇరవై ఏళ్ల లోపు కుర్రాడికి ఇంత తెలివి ఒకేసారి దొరికితే దాచుకోవడం కష్టం. టిబియా అంటే పిల్లనగ్రోవి, ఫిబులా అంటే గుడ్డకు గుచ్చే పిన్ను, పెటెల్లా అంటే చిన్న పళ్లెం, పెల్విస్ అంటే బేసిన్, తుంటి గుంట ఎసిటాబులమ్ అంటే పులిసిన ద్రాక్షరసం పోసుకునే గిన్నె. లైబ్రరీలో వెనకబల్ల మీద పాత నిఘంటువు ముందేసుకుని అన్నీ ఎక్కించుకున్నాను. రోమన్ల వంటిల్లంతా మనిషి ఒంట్లో ఉంది. సంక్రాంతికి ఇంటికి పోయేటప్పుడు రేకుడబ్బా కూడా తీసుకుపోయాను. చదువుకోవడానికని చెప్పాను, అసలు చూపించుకోవడానికి.

అవ్వ డబ్బా చూసి దూరం జరిగింది. ‘సచ్చినోళ్ల ఎముకలు పండగపూట ఇంట్లోకి తెస్తివా? చింతచెట్టు కాడ పెట్టు పో.’ నేను గడప బయటే కూర్చుని క్లావికిల్ చేతిలో పట్టుకుని పాఠం మొదలుపెట్టాను. లాటిన్ అన్నాను, రోమ్ అన్నాను, రెండువేల ఏండ్లు అన్నాను. ఆఖరున ఎముకకు బీగంచెవి అని పేరు పెట్టారు చూడు అన్నాను.

అవ్వ తమలపాకుకు సున్నం రాసుకుంటోంది. ‘మనం బీగానికి చెవి పెట్టలేదా, వాళ్లు ఎముకకి బీగంచెవి పెట్టినారు. దాంట్లో ఏముందిరా?’

నేను ఆ ఇంట్లో ఇరవై ఏళ్లుగా బీగంచెవి, బీగంచెవి అంటూనే ఉన్నాను. అందులో చెవి ఉందని వినపడలేదు. కోస్తా వాళ్ల తాళంచెవిలోనూ ఉంది. బీగానికి చెవి ఉంటుంది, కుండకు మూతి ఉంటుంది. మనవాళ్లు ఒంటిలోంచి పేరు తీసి వస్తువుకు పెట్టారు, వాళ్లు వస్తువు పేరు తెచ్చి ఒంటికి పెట్టారు. నాకు అప్పుడు కోపం వచ్చింది. నా రోమ్‌ను తమలపాకు చుట్టినట్టు చుట్టేసిందని.

ఆ పండగలోనే కనుమనాడు పశువుల పండగ. మా వైపు ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి వీధిలో తోలుతారు, కుర్రాళ్లు ఎదురుపోయి పలకలు లాక్కుంటారు. పలకల మీద సినిమా వాళ్ల బొమ్మలు ఉంటాయి. ఆ ఏడు ఏ పలక మీద చూసినా రామారావుగారే, గెలిచి ముఖ్యమంత్రి అయ్యి ఇంకా వారం రోజులయింది అంతే. మా తమ్ముడు ఒక పలక కోసం పోయి భుజం మీద పడ్డాడు. లేచి నిలబడి ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకున్నాడు, తల ఆ పక్కకు వాల్చాడు. పుస్తకంలో క్లావికిల్ విరిగినవాడి బొమ్మ అచ్చం అదే. నేను ‘క్లావికిల్, క్లావికిల్’ అని అరిచాను. ఎవరూ పట్టించుకోలేదు. ‘పుత్తూరుకు తీసుకుపోండి’ అని వీధి వీధంతా చెప్పింది.

మా వైపు ఎముక విరిగితే పుత్తూరు. రాజుల ఇంటివాళ్లు తరతరాలుగా కట్టే కట్టు. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. నేను రుయాకు తీసుకుపోదామన్నాను. నాయన నావైపు చూశాడు, డాక్టరీ మూడు నెలలు చదివినవాడి మాట వినాలా అన్నట్టు, బస్సెక్కాడు. నేనూ వెనకే ఎక్కాను. అక్కడ పందిట్లో కోడిగుడ్లు పగలగొట్టిన నీచువాసన, నూరిన ఆకుపసరు పచ్చివాసన, పక్కనే చీల్చిన వెదురుబద్దలు, చింపిన గుడ్డ. ఒకాయన తమ్ముడి ఎముక మీద ఒక్క వేలితో ఛాతీ నుంచి భుజం దాకా గీతలాగా పోయాడు, రెండొంతులు దాటాక ఆగాడు. ‘ఇక్కడ. ఇది ఎప్పుడూ ఇక్కడే విరుగుతుంది.’

నాకు గుండె జల్లుమంది. లోపలి రెండు భాగాలు, బయటి మూడో భాగం కలిసేచోట, రెండు వంపులు మారేచోట అని మా పుస్తకం చెప్పిన చోటది. ఆయన ఏ పుస్తకం చూడలేదు. నేను ముందుకు జరిగి, దీన్ని క్లావికిల్ అంటారు, లాటిన్‌లో బీగంచెవి అని అర్థం అన్నాను. ఆయన తల ఊపి, ‘సరే, కొంచెం అట్ల జరుగు నాయనా, వెలుతురు రానీ’ అన్నాడు.

తమ్ముడి చొక్కా నుంచి గుడ్డుసొన వాసన చాలారోజులు పోలేదు. ఎముక అతుక్కుంది, చిన్న గడ్డ మిగిలింది. ఇప్పటికీ ఉంది. ఆ భుజం మీదే చెనక్కాయ మూటలు మోశాడు. ఆ కట్టు లేకున్నా, చేతికి గుడ్డతో ఊయల కట్టి ఊరికే ఉంచినా ఈ ఎముక చాలామందికి అతుక్కుంటుందని తర్వాత నేను చదివాను, ఇన్నేళ్ల సర్వీసులో చూశాను కూడా. అట్లాగని పుత్తూరును తీసిపారెయ్యను. ఆ వేలు నేను మరిచిపోలేదు. ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే, చెయ్యి చల్లబడినా తిమ్మిరెక్కినా కట్టు జోలికి పోవద్దు, నేరుగా ఆసుపత్రికి పోండి అని మా ఊరివాళ్లకు మాత్రం ఇప్పటికీ చెబుతుంటాను. ఈ ఎముక కిందనుంచే చేతికి పోయే పెద్ద రక్తనాళం, నరాల కట్ట పోతాయి. సబ్‌క్లేవియన్ అని ఆ నాళం పేరు. బీగంచెవి కిందిది అన్నమాట.

తిరుపతిలో దేవస్థానం వాళ్లు ఆయుర్వేద కాలేజీ పెట్టింది 1983లో. అక్కడ చేరిన మిత్రుడొకడు మా హాస్టల్ మెస్సుకు వచ్చేవాడు, వాళ్ల మెస్సు కంటే మా సాంబారు బాగుంటుందని. సుశ్రుతుడు ఈ ఎముకను అక్షకం అన్నాడని చెప్పింది వాడే. అక్షం అంటే బండి ఇరుసు అనీ, అందులోంచే ఈ మాట అనీ వాడి వాదన. వాడి సంస్కృతం ఎంత గట్టిదో నేను తేల్చలేను. ఇరుసు కూడా తిరిగేదాన్ని మోసేదే కదా అని ఇద్దరం చాలాసేపు ఆనందపడ్డాం, సాంబారు చల్లారిపోయింది. వాడు ఇప్పుడు లేడు.

మొన్న మా చెల్లెలి మనవరాలు మెడికల్ కాలేజీలో చేరింది. ఫోన్‌లో ఎముకలు రంగురంగులుగా తిరుగుతుంటాయి, ఏ పక్క కావాలంటే ఆ పక్క. రేకుడబ్బా అక్కర్లేదు. ‘క్లావికిల్ అంటే ఏమిటమ్మా?’ అన్నాను. పుట్టబోయే బిడ్డలో అన్ని ఎముకల కంటే ముందు, ఐదారో వారంలోనే గట్టిపడటం మొదలుపెట్టేది అదేననీ, లోపలికొన పూర్తిగా అతుక్కునేది ఇరవై దాటాకేననీ, కీళ్లు, కండరాలు, నరాలు అన్నీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. ఒక్క తప్పు లేదు. ‘ఆ పేరుకు అర్థం?’ అన్నాను. ‘అది పరీక్షలో రాదు తాతా’ అంది. ‘వేలు పెట్టి చెయ్యెత్తు’ అన్నాను. ఎత్తింది. ఎముక వేలి కింద తిరిగేసరికి మొహం మారింది. ఇంకోసారి ఎత్తింది, తర్వాత రెండో చెయ్యి.

2019 నుంచి ఎంబీబీఎస్‌లో చేరిన పిల్లలకు మొదట్లో ఫౌండేషన్ కోర్సు అని ఒకటి పెట్టారు. కంప్యూటరు, భాష, నడవడిక అన్నీ అందులో చెబుతున్నారు. అనాటమీ అయ్యవార్లకు నాది ఒకటే విన్నపం. ఆ రోజుల్లో ఒక పూట ఈ పేర్లకు ఇవ్వండి. బీగంచెవి, పిల్లనగ్రోవి, పళ్లెం, బేసిన్. ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి, పల్లెల నుంచి వచ్చిన పిల్లలున్న కాలేజీల్లో. నిఘంటువు మీ దగ్గర లేకపోతే జేబులో బీగంచెవుల గుత్తి ఎలాగూ ఉంటుంది.